కొద్దిగా పైన

జూన్ 5, ఆదివారం. ఉదయం నుంచి మబ్బు, చినుకు లేదు. వంటింటి కుళాయికి వాషరు మార్చాను.

ప్రియమైన బావమరిదికి,

ఇక్కడ అందరం క్షేమం. మీ అక్క గొంతు బాగుంది, కోపం కూడా బాగుంది. నేను ఉత్తరం రాశానంటే ఏదో పని పడి ఉంటుందని కవరు చింపకముందే అనుకుని ఉంటావు. నిజమే, పని పడింది.

బ్యాండులో గిటారు వాయించే అబ్బాయి వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందట. పోయిన ఆదివారం ప్రాక్టీసయ్యాక తీగలు వదులు చేసి, గిటారు పెట్టెలో పెట్టి, అందరితో చెయ్యి కలిపి వెళ్ళాడు. ఆరేళ్ళు మాతో వాయించిన మనిషి. నా రోజువారీ పుస్తకంలో ఇలా రాసుకున్నాను: "గిటారు వెళ్ళాడు. కారణం ఉద్యోగం. బాగా వాయించేవాడు." మీ అక్క నా భుజం మీదుగా చదివి, "ఈ చివరి మాట ఆ అబ్బాయితో ఎప్పుడైనా అన్నారా?" అని అడిగింది. పుస్తకంలో ఉంది కదా అన్నాను.

పందొమ్మిదేళ్ళలో మన బ్యాండులోకి వచ్చినవాళ్ళు పన్నెండుమంది, వెళ్ళినవాళ్ళు తొమ్మిదిమంది. ఇప్పుడు నేను మాండలిన్, మీ అక్క పాట, పెయింటరు డ్రమ్ములు. గోడలకి రంగులు వేసే ఆ మనిషి అప్పటిలాగే ఇప్పుడూ చేతులకి సున్నంతోనే ప్రాక్టీసుకి వస్తాడు. అంటే నువ్వున్నప్పటి జట్టే, నువ్వు తప్ప. జూలై 30న టౌన్ హాల్లో ప్రోగ్రాం ఒప్పుకున్నాను. రెండు గంటలు. పల్లె పాటల వరసలకి డ్రమ్ములు కట్టి మనం చేసినవి తొమ్మిది, జనం లేచి గంతులు వేసే మన సొంత తేలికపాటి పాటలు ఆరు. ముగ్గురితో అది నిలబడదు. వెనక నుంచి పాటని మోసే వాయిద్యం ఒకటి కావాలి.

పెయింటరు ఒకావిణ్ణి తీసుకొచ్చాడు. సిటీ బస్సు కండక్టరు. మెడకి తగిలించుకుని తిత్తి లాగుతూ వాయించే అకార్డియన్ పెట్టె ఆవిడది. వాళ్ళ మామగారు పోయాక దాన్ని అటకెక్కించబోతుంటే, "అటక మీద పెట్టేవి పాత బకెట్లు" అని లాక్కుని తనే నేర్చుకుందట. నెల రోజులు చూద్దాం అన్నాను. చెయ్యి బాగుంది, తాళం ఇంకా బాగుంది. శ్రుతి మాత్రం కలవడం లేదు. మన మోగుడు ముక్క పక్కన కొద్దిగా పైన పలుకుతోంది. పెట్టె పాడైందని నా అభిప్రాయం.

మోగుడు ముక్క నువ్వు చూసిన మేకుకే వేలాడుతోంది. విరిగిన కాటా దండెని ఇరవయ్యో ఏట నేను ఆకురాయితో అరగదీసి తయారు చేసిన ఇనుము అది. దాన్ని కొడితే వచ్చే నాదమే ఈ బ్యాండుకి శ్రుతి. ఇన్నేళ్ళలో వెంట్రుకవాసి కదల్లేదు. ఊళ్ళో కాటాలన్నీ సరిచేసే చేతులివి, నాకు తెలుసు.

అందుకని సూటిగా అడుగుతున్నాను. క్లారినెట్ తీసుకుని తిరిగి రా. పదకొండేళ్ళ కింద కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగమని వెళ్ళావు. అక్కడ ఆదివారం సెలవేనని మీ అక్క చెప్పింది. ప్రాక్టీసు నాలుగింటికి, ఐదు గంటల ప్రయాణం. అప్పట్లో నీ క్లారినెట్ శ్రుతి గురించి నేను రెండు మూడు మాటలు అన్నాను. ఈపాటికి బాగు చేయించుకునే ఉంటావు.

కుర్చీ ఖాళీగా ఉంది.

నీ బావ

*

జూన్ 11

మహారాజశ్రీ బావగారికి,

మీ వంటింటి కుళాయి క్షేమమని తెలిసి సంతోషించాను. నేను వాతావరణం రాయలేను, మా దుకాణం వెనక గదికి కిటికీ లేదు. రోజుకి నలభై అద్దాలు అరగదీస్తాను. బయట వాన పడిందో లేదో వచ్చినవాళ్ళ చెప్పులు చూసి చెబుతాను.

నిన్న ఒకాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇదేంటయ్యా, నేనింత ముసలాణ్ణయ్యానా?" అని నా మీద ఎగిరాడు. "తీసెయ్యండి, పదేళ్ళు తగ్గిపోతారు" అన్నాను. తీసేసి, విసురుగా వెళ్ళి తలుపుకి గుద్దుకున్నాడు. మా యజమాని నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

అసలు విషయానికొస్తాను. నేను రాను బావా. క్లారినెట్ బీరువా మీద ఉంది. మీటల కింద మెత్తలు ఎండి రాలిపోతున్నాయి. దాన్ని తీసి ఊది ఎనిమిదేళ్ళయింది. పండ్లూడిన మనిషికి పేరు పలకమని చెప్పినట్టుంటుంది. జూలై 30న టౌన్ హాలుకి వస్తాను, మూడో వరసలో కూచుని చప్పట్లు కొడతాను. అదొక్కటీ నేను శ్రుతి తప్పకుండా చెయ్యగలను.

ఒక్క మాట మాత్రం వినిపించుకో. ఆ కండక్టరమ్మని పంపించకు. నువ్వు మనుషుల్ని పంపించే తీరు నాకు తెలుసు. కేకలుండవు, తిట్లుండవు. చెవి పక్కకి వంచి "కొద్దిగా పైన" అంటావు, అంతే. ఆ మనిషి ఇంటికెళ్ళి నెలల తరబడి తన చెవిని తనే అనుమానిస్తూ కూచుంటాడు. నువ్వు ఆ రాత్రి పుస్తకంలో ఒక ముక్క రాసుకుని హాయిగా పడుకుంటావు.

అక్కని అడిగానని చెప్పు. ఉప్పునీళ్ళు, వేడినీళ్ళు, గొంతు జాగ్రత్త అన్నీ చెప్పు. నేను చెబితే "నువ్వు డాక్టరువా?" అంటుంది.

ఇట్లు,
మూడో వరస శ్రోత

*

జూన్ 20, సోమవారం. ఎండ, సాయంత్రం గాలి. షాపు షట్టరు పట్టాలకి గ్రీజు పెట్టాను.

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్క రెండుసార్లు చదివి నవ్వింది. నేను ఒకసారి చదివాను. నువ్వు రానన్న చోట మాత్రం రెండుసార్లు చదివాను.

నిన్నటి ప్రాక్టీసు గురించి రాస్తాను. షాపు మీది గదే, మారలేదు. పెయింటరు పెద్ద డ్రమ్ము తొక్కినప్పుడల్లా కింద కాటాల పళ్ళేలు గలగలమంటూనే ఉన్నాయి. వంతెన పాటతో మొదలుపెట్టాం. మొదటి చరణం సగంలో ఆపాను.

"అమ్మా, మీ పెట్టె శ్రుతి తప్పుతోంది" అన్నాను.

"మా మామగారి కాలం నుంచీ దాని శ్రుతి అదేనండీ. మీ ముక్కే కిందకి జారినట్టుంది" అంది కండక్టరమ్మ.

"ఇనుము జారదు."

"దాన్ని అరగదీసినాయన జారి ఉంటాడు. నా బస్సులో చూస్తుంటాను, జారేవాళ్ళంతా గట్టిగా పట్టుకున్నామనే అంటారు."

పెయింటరు డ్రమ్ము చాటుకి తల దించి నవ్వాడు. ఆవిడ అటు తిరిగి, "మీరు నవ్వండి సార్, డ్రమ్ముని ఎవరూ శ్రుతి అడగరని ధైర్యం" అంది. మీ అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు బ్యాండులో ఇంత చప్పుడు అలవాటు లేదు. వాయిద్యాలది కాదు, మాటలది.

ఆవిడ మీద నాకు కోపం లేదు. మనిషి గట్టిది. బస్సు దిగి యూనిఫాంతోనే వస్తుంది, ఒక్క రోజు ఆలస్యం లేదు. కానీ శ్రుతి శ్రుతే. జూలై మూడో తేదీతో నెల పూర్తవుతుంది. ఆ రోజు చెప్పేస్తాను.

నేను మనుషుల్ని పంపిస్తానని రాశావు. అది అన్యాయం. నా పుస్తకంలోంచి ముగ్గురివి యథాతథంగా ఎత్తి రాస్తున్నాను, చూసుకో.

నీది: "క్లారినెట్. గొట్టం వీలైనంత బయటికి లాగి వాయించినా కొద్దిగా పైన. వెళ్ళాడు. కారణం ఉద్యోగం."

ఏడేళ్ళ కిందట మౌత్ ఆర్గాన్ వాయించిన టైలరుది: "కొద్దిగా పైన. రెండోది కొని తెచ్చాడు, అదీ అంతే. మూడు వారాలకి మానేశాడు."

ఇప్పటిది: "అకార్డియన్. కొద్దిగా పైన."

సొంత బావమరిదయినా, ముక్కూ మొహం తెలియని టైలరయినా ఒకే మాట రాశాను. మనిషిని బట్టి ముల్లు జరిపేవాణ్ణి కాదు. అందరికీ ఒకటే కొలత. ఇందులో తప్పేమిటో చెప్పు.

గొంతు గురించి చెప్పాను. "వాడు డాక్టరా?" అంది.

నీ బావ

*

జూన్ 24

బావా,

ఇవాళ జోకులు లేవు.

నువ్వు ఎత్తి రాసిన మూడు ముక్కలూ నువ్వే ఇంకోసారి చదువు. మాండలిన్ పక్కన పెట్టి, కాటాల మెకానిక్‌గా చదువు. ఎవరో కొట్టువాడు నీ దగ్గరికొచ్చి ఆ మూడు సంగతులూ చెబితే నువ్వేం చేస్తావో అది చెయ్యి.

ఈలోగా ఎవర్నీ పంపించకు.

బావమరిది

*

జూలై 1, శుక్రవారం. పొద్దున్న ఒక జల్లు, తర్వాత తెరిపి. పెరటి తలుపు గడియ సరిచేశాను.

ప్రియమైన బావమరిదికి,

చదివాను.

మూడు వేరువేరు రాళ్ళు ఒకే కాటా మీద పెడితే మూడూ ఒకే వైపు, ఒకేలా తేడా చూపిస్తే తప్పు రాళ్ళది కాదు. కాటాది. ఈ మాట పాతికేళ్ళుగా కొట్టువాళ్ళకి నేను చెబుతున్నాను. చెప్పి, వాళ్ళ మొహాలు చూసి లోపల నవ్వుకునేవాణ్ణి.

సోమవారం నీ ఉత్తరం అందింది. మంగళవారం మోగుడు ముక్కని మేకు మీంచి తీసి, గుడ్డలో చుట్టి, వాయిద్యాల దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడ ఆరు హార్మోనియంలున్నాయి. ఒక్కోదాని ముందూ కొట్టి చూశాను. ఆరింటిలో ఒక్కటీ కలవలేదు. రెండు మెట్ల మధ్య సరిగ్గా సందులో పడుతోంది. ఆరూ దానికి కొద్దిగా పైన. దుకాణం ఆయన కాసేపు విని, "ఏ పెట్టె ముందు పెట్టినా అలిగొచ్చిన అల్లుడిలా మొహం పక్కకి తిప్పుకుంటోందేంటండీ ఇది? ఎవరు చేశారు?" అని అడిగాడు. నాకు తెలిసినవాడే అని చెప్పాను.

కారణం కూడా పట్టుకున్నాను. నేను మాండలిన్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, నీకు తెలుసు. ఒకే ఒక క్యాసెట్టు, ఒకే ఒక పాత టేప్ రికార్డరు. దాని మీద విన్న మాండలిన్‌కి సరిపోయేదాకా ఇనుము అరగదీశాను. టేప్ రికార్డరు ఎప్పుడో పోయింది గానీ క్యాసెట్టు దాచుకున్నాను. దాన్ని కండక్టరమ్మ ఇంటికి పట్టుకెళ్ళి వాళ్ళ టేప్ రికార్డరులో వేయించాను. నా పాట పరుగెత్తింది. అంటే నా దాంట్లో రబ్బరు బెల్టు సాగిపోయి నెమ్మదిగా తిరిగేదన్నమాట. నెమ్మదిగా తిరిగితే నాదం కిందకి దిగుతుంది. దిగిన నాదాన్ని నేను ఇనుములో దింపాను. గిటారు వాళ్ళకి తేడా తెలియలేదు, తీగలు కదా, నేను చెప్పిన చోటికి దించుకున్నారు. దించుకోలేని వాయిద్యాల వాళ్ళే వెళ్ళిపోయారు.

కండక్టరమ్మ టేప్ ఆపి నా వంక చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. "టీ తాగుతారా?" అంది.

ఆవిడ ఉంటుంది. ఆ మాట అక్కడే చెప్పి వచ్చాను. నిన్న సాయంత్రం టైలరు షాపుకి కూడా వెళ్ళాను. ఆయన కుట్టు మిషను ఆపి అంతా విన్నాడు. "రెండోది కూడా కొన్నాను కదండీ" అన్నాడు. తల వంచి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు. నేను వచ్చేశాను.

నీ సంగతి. తప్పు నాది. నీ క్లారినెట్‌ది కాదు, నీ చెవిది కాదు. పదకొండేళ్ళు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు గానీ ఉన్నదంతా ఇదే వాక్యంలో ఉందనుకో.

ఈ ఆదివారం ప్రాక్టీసు లేదు, పదో తేదీ ఆదివారం అందరికీ చెప్పి శ్రుతి పైకి, సరైన చోటికి మార్చేస్తాను. నీకు అడ్డు తొలగింది కాబట్టి నువ్వు రావచ్చు. ఒకటి అడగాలి. మెకానిక్‌గా చదవమన్నావంటే నీకు ముందే తెలుసన్నమాట. ఎప్పటి నుంచి? తెలిసి ఎందుకు చెప్పలేదు?

నీ బావ

*

జూలై 6

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం దుకాణంలోనే చదివాను. చేతిలో అద్దం ఉంది, కింద పెట్టేసి చదివాను. నువ్వు ఒక వాక్యంలో పెట్టానన్నది నాకు అందింది. ఇక దాని గురించి నువ్వు రాయొద్దు, నేనూ రాయను.

నాకు ఎప్పటి నుంచి తెలుసని అడిగావు. వెళ్ళిపోవడానికి ఆరు నెలల ముందు తెలిసింది. ఒక పెళ్ళి బ్యాండులో మనిషి తక్కువై నన్ను పిలిచారు. అక్కడ నా క్లారినెట్ గొట్టం లాగకుండానే అందరితో అతికినట్టు కలిసింది. ఇంటికొస్తూ దారంతా నవ్వుకున్నాను. మా బావ కాటాలన్నీ సరిచేస్తాడు, తన కాటా తప్ప! మర్నాడే నీకు చెప్పి ఏడిపిద్దామనుకున్నాను.

చెప్పేముందు ఒకసారి సరిచూద్దామనిపించింది. నువ్వు కాటాల తనిఖీకి పక్క ఊరెళ్ళిన రోజు అక్కని షాపు మీది గదికి రమ్మన్నాను. పెయింటరు కూడా ఉన్నాడు. "అక్కా, వంతెన పాట కొంచెం పైన అందుకో, ఏం లేదు, సరదాకి" అన్నాను. క్లారినెట్ సరైన శ్రుతిలో ఎత్తాను. మొదటి చరణం అద్భుతం. రెండోదీ అంతే. ఆఖర్న "అవతలి ఒడ్డు" అన్న చోట అందరికంటే పైకి వెళ్ళాలి కదా, అక్కడ ఆమె గొంతు పగిలింది. నీరసంగానో, కాస్త జీరగానో కాదు బావా, పింగాణీ పళ్ళెం పగిలినట్టు. చేత్తో దవడ పట్టుకుని కూచుండిపోయింది. కళ్ళలో నీళ్ళు. "ఇవాళ్టికి చాలురా" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారం రోజులు పొద్దున్నా సాయంత్రం ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూనే ఉంది.

అప్పుడు అర్థమైంది. నీ తప్పు శ్రుతే ఆమె గొంతుకి సరిగ్గా సరిపోయింది. పైకి లాగితే ఆఖరు పగులుతుంది. ఇంకాస్త కిందకి దించితే మొదటి చరణంలో గొంతు అడుగంటుతుంది. నీకు చెబితే ఏం చేస్తావో తెలుసు. ముల్లు నడిమి గీత మీద లేకపోతే నీకు అన్నం సహించదు. మర్నాటికల్లా బ్యాండు మొత్తాన్ని పైకి లాగేవాడివి. జనం మనల్ని వినడానికి వచ్చేది నీ మాండలిన్ కోసమూ కాదు, నా క్లారినెట్ కోసమూ కాదు. అక్క కోసం. ఒకరు తప్పుకుంటే సరిపోయేది. నేను తప్పుకున్నాను. ఉద్యోగం నిజంగానే దొరికింది, అదొక్కటీ అబద్ధం కాదు.

నువ్వు "కొద్దిగా పైన" అన్నప్పుడల్లా నిజం తెలిసి కూడా నాకు కష్టమయ్యేది. మూడేళ్ళు ఇక్కడ ఒంటరిగా ఊదుకున్నాను. తర్వాత మానేశాను. పక్కన ఎవరూ లేకుండా శ్రుతి కలిసి ఏం లాభం?

కాబట్టి దయచేసి శ్రుతి మార్చకు. అకార్డియన్‌లో నాదం పలికించే రేకులుంటాయి. బాగా తెలిసినవాడైతే వాటిని గీకి మీ శ్రుతికి దించగలడు. ఆవిణ్ణి ఒప్పించు. నేను మూడో వరసలో ఉంటాను.

ఈ ఉత్తరం అక్కకి చూపించకు.

బావమరిది

*

జూలై 11, సోమవారం. రాత్రి వాన, పొద్దున్నకి తెరిపి. కప్పు మీద నీళ్ళు పోయే గొట్టంలో ఆకులు తీశాను.

ప్రియమైన బావమరిదికి,

చూపించాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది, ఒక రాత్రి దాచాను. శనివారం పొద్దున్న మీ అక్క నా పుస్తకం తెరిచి, "శుక్రవారం పేజీలో తేదీ తప్ప ఏమీ లేదు. పందొమ్మిదేళ్ళలో మీరు ఖాళీ వదిలింది మా అత్తగారు పోయిన రోజొక్కటే. ఎవరు పోయారు?" అని నిలదీసింది. జేబులోంచి తీసి ఇచ్చేశాను.

పొయ్యి కట్టేసి, వంటింటి గుమ్మంలో నిలబడి చదివింది. అయిపోయాక మొదటి పేజీకి వెళ్ళి మళ్ళీ చదివింది. నేను ఏడుస్తుందనుకున్నాను.

"వాడు పెళ్ళి బ్యాండులో సరిచూసుకున్నాడు. మీరు ఆరు హార్మోనియంల దగ్గర సరిచూసుకున్నారు. నా గొంతు గురించి నన్ను అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదా?" అంది.

"పగిలిందట కదా" అన్నాను.

"ఎందుకు పగలదు? ఆ రోజు మధ్యాహ్నం దవడ పన్ను పీకించుకున్నాను. మీరు ఊళ్ళో లేరు. నోరు సగం మొద్దుబారి ఉంది. వాడు పిల్లాడిలా సంబరపడుతూ రమ్మంటే పాడనని ఎలా అంటాను? మెట్ల మీద నోట్లో దూది తీసి పారేసి పాడాను. ఉప్పునీళ్ళు పుక్కిలించింది పంటికి! గొంతుకి కాదు!"

బావమరిదీ, నేను పుస్తకం వెనక్కి తిప్పాను. ఆ ఏడాది ఆ వారంలో నా చేతిరాతే ఉంది: "ఆమెకి పన్ను తీయించారు. మెత్తటి అన్నం వండాను." ఇంట్లోనే ఉంది. ఎవరూ అడగలేదు, నేను తియ్యలేదు.

నిన్న ప్రాక్టీసులో అందరి ముందూ నేనే చెప్పాను. ఇన్నేళ్ళూ నా శ్రుతి తప్పని, ఎందుకు తప్పో, దానివల్ల ఎవరెవరు వెళ్ళారో. నువ్వు ఎందుకు వెళ్ళావో కూడా. కూచుని చెప్పడం కుదరక నిలబడి చెప్పాను. పెయింటరు, "ఆ రోజు నేనూ ఉన్నానండీ, చెంప ఉబ్బి ఉండటం చూశాను. అడిగితే బాగోదని ఊరుకున్నాను" అన్నాడు. కండక్టరమ్మ అందర్నీ ఒకసారి కలయజూసి, "మీ బ్యాండులో అందరికీ చెవులున్నాయి గానీ నోళ్ళు లేవండీ" అంది.

తర్వాత మాండలిన్ తీగలు బిగించాను. ఎనిమిది తీగలు, ఒక్కోటీ పెట్టెని చూసుకుంటూ పైకి. రెండు తెగాయి. మార్చి మళ్ళీ బిగించాను. వంతెన పాట ఎత్తాం. "అవతలి ఒడ్డు" దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నెమ్మదించింది. మీ అక్క నా వైపు ఒక చూపు చూసింది. వాయించమని. వాయించాను. ఎక్కింది. నున్నగా ఎక్కలేదు, అంచున కాస్త గరుకు ఉంది. ఇంతకుముందు ఆ చోట ఆమె గొంతు హాయిగా కూచునేది. ఇప్పుడు లేచి నిలబడింది. పాట అయ్యాక, "గరుకుంది" అన్నాను. "నలభై ఆరేళ్ళ గొంతు. గరుకుంటే ఉండనివ్వండి, అది నాదే" అంది. నాకు ఈ పాట ఇన్నేళ్ళలో ఇలా వినిపించలేదు. ఆ మాట పుస్తకంలో రాసుకోలేదు. అక్కడే, అందరి ముందే, ఆమెతో అన్నాను. పెయింటరు పుల్లలు కింద పడేసుకున్నాడు.

నువ్వు నాకు నేర్పిన పాఠం నీకే తిప్పి చెబుతాను. ఒక్కసారి తూచి తేల్చేశావు. నా దగ్గరైతే రాయిని మూడుసార్లు పెట్టి తీస్తాం. నీది నాకంటే పెద్ద తప్పు, నాది టేప్ రికార్డరు మీదికి నెట్టవచ్చు.

జూలై 30కి నలుగురం ఉన్నాం. కరపత్రం పదిహేడున అచ్చుకి వెళుతుంది. నలుగురమా, ఐదుగురమా అన్నది నువ్వు చెప్పాలి. బతిమాలను. చేతకాక.

నీ బావ

కింద నేను రాస్తున్నాను, మీ బావ పెన్ను లాక్కుని. ఒరేయ్ తమ్ముడూ, నా కోసం త్యాగం చేశావని చదివి నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళు మీ బావ మాండలినూ, వచ్చిపోయే గిటార్లూ నా వెనక గునుస్తుంటే, రెండో చరణంలో నీ ఊదుడు ఎక్కడ మొదలవ్వాలో అక్కడ ప్రతిసారీ ఆగేదాన్ని. జనం అది స్టైలనుకున్నారు. మూడో వరసలో కూచుంటే మైకులోనే తిడతాను. మీ అక్క.

*

జూలై 17, ఆదివారం. మధ్యాహ్నం దాకా ఎండ, ఇప్పుడు మబ్బు. చేసిన పని చివర్న రాస్తాను, ఇంకా పూర్తి కాలేదు.

ప్రియమైన బావమరిదికి,

ఆరు రోజులైంది, నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కోపమొచ్చి ఉంటే రాయి. నాకు కోపాలు చదవడం అలవాటే, ఇంట్లో శిక్షణ ఉంది.

ఇప్పుడు మూడున్నర. షాపులో బల్ల దగ్గర కూచుని రాస్తున్నాను. మిగతావాళ్ళు ముందే పైకి వెళ్ళారు. కండక్టరమ్మకి ఇవాళ దూరపు బస్సు డ్యూటీ వేశారట, అయినా టైముకి వచ్చింది. పెరటి మెట్ల మీదుగా ఎక్కిన చప్పుడైంది. ఒక్క మనిషి అడుగుల్లా లేవు, పెట్టె బరువుకి అలా వినిపించిందనుకుంటాను.

కరపత్రం అచ్చాయన సాయంత్రం ఆరింటికి వస్తానన్నాడు. వరస ఇలా రాసి పెట్టాను: పాట, మాండలిన్, డ్రమ్ములు, అకార్డియన్. కింద ఒక గీత ఖాళీ వదిలాను. ఆరు దాకా ఆ గీత అలాగే ఉంటుంది. ఆ తర్వాత కొట్టేయాల్సి వస్తే కొట్టేస్తాను, హాల్లో నలుగురం నలుగురిలాగే వాయిస్తాం, బాగానే వాయిస్తాం. మీ అక్క గొంతు ఈ వారం ఇంకా తెరుచుకుంది. అయినా రెండో చరణం దగ్గర ఆగడం మానలేదు. ఆగొద్దని నేను చెప్పలేదు.

టైలరుకి కూడా కబురు పంపాను. "ముందు పండ్లు ఊడాయి, కట్టించుకున్నాక చూద్దాం" అన్నాడట. కోపం తగ్గినట్టే అనుకుంటున్నాను.

పైన మొదలుపెట్టారు. నేను లేకుండానే. వంతెన పాటే. మీ అక్క మొదటి చరణం పాడుతోంది, పెయింటరు పుల్లల అంచులతో మెల్లగా వేస్తున్నాడు. పెట్టె ఇంకా అందుకోలేదు. రెండో చరణం. ఇక్కడ ఆగుతుంది, చెప్పాను కదా.

ఆగింది.

ఎవరో అందుకున్నారు. అకార్డియన్ కాదు. తిత్తితో వాయించేది ఇంత వణకదు. ఇది మొదటి నాదం బొంగురుగా పోయి, సగంలో ఆగి, మనిషిలా ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎత్తుకుంది. బల్ల మీద కాటాల పళ్ళేలు గలగలమంటున్నాయి. కండక్టరమ్మ గొంతు వినిపిస్తోంది, "కానివ్వండి సార్, కానివ్వండి, కొత్త మెత్తలు వేయించి, ఐదు గంటలు మీ ఒళ్ళో పెట్టుకుని కూచున్నది ఇందుకేగా!" అంటోంది. మీ అక్క పాట ఆపలేదు.

కరపత్రంలో ఐదో గీత నింపాను.

ఇక ఈ రోజు చేసిన పని: రాయను, పైకి వచ్చి నీతోనే చెబుతాను.